రత్నమాల కొన్న సాన

పెగడపల్లి మామిడితోట పనంతా రత్నమాలే చూసుకుంటుంది. ఆమె చేతిసంచిలో ఎప్పుడూ ఒక మడత కత్తి ఉంటుంది. గోనెసంచుల దారం తెంపాలన్నా, డ్రిప్పు పైపు కోయాలన్నా, కాయ పండిందో లేదో చూడాలన్నా అదే.

ఆమె భర్త జలపతి రావుకూ కత్తులున్నాయి, సొరుగు నిండా. అడవుల్లో క్యాంపులకని తెప్పించినవి. ఆయన చూసిన అడవల్లా కొండగట్టు ఘాట్ రోడ్డే, అదీ కారులో ఏసీ వేసుకుని.

ఈ ఎండాకాలం రత్నమాల కత్తి మొద్దుబారింది. "ఇటియ్యి, నా దగ్గర సాన ఉంది" అన్నాడాయన. వీడియోలన్నీ చూసి ఎంచి కొన్నదట. గాడిలో కత్తి పెట్టి లాగాలి. దానికో దిక్సూచి, ఈల, టార్చి కూడా ఉన్నాయి. అసలు కొన్నది వాటిని చూసే. సోఫాలో కూర్చుని బలమంతా పెట్టి బరబరా లాగాడు. అంచు రంపంలా తయారైంది.

"స్టీలే మంచిది కాదు" అన్నాడు.

"ఇన్నేండ్లు నా చేతుల మంచిగనే ఉండె. మీ చేతుల వడ్డంక ఖరాబైందా?"

మర్నాడు ఆమె కోరుట్ల వెళ్లింది. హార్డ్‌వేర్ దుకాణం బుచ్చన్న అడక్కుండానే గులాబీరంగు గాడి సాన ముందు పెట్టాడు.

"గిది తీస్కోండ్రి అమ్మా. కూరగాయల కత్తులకు ఆడోళ్లకు ఈజీగుంటది."

"నేనేం కోస్తనో అడిగినవా?"

రత్నమాల అద్దాల బీరువాలోంచి సానపట్టే సిరామిక్ కడ్డీలు, పెన్నంతవి రెండు తీయించింది. తెల్లదాని మీద గోరు జారిపోయింది. ఇది నునుపు చేయగలదు గానీ పాడైన అంచును బాగుచేయలేదు. బూడిదరంగుది కాస్త గరుకుగా తగిలింది. ఒకవైపు చదును, రెండోవైపు గుండ్రం. కత్తి కొసన వంపుకూ పనికొస్తుంది. దాన్నే కొంది.

తోటలో రేకుల కింద కూర్చుని, నొక్కకుండా, కత్తిని కడ్డీకి ఇటొకసారి అటొకసారి రాసింది. తొలిరోజు పదును రాలేదు. ఆయన చేసిన చెరుపు అంత తేలిగ్గా పోతుందా? తీరిక దొరికినప్పుడల్లా రాసింది. వారం తిరక్కుండానే గోనెదారం తగలగానే తెగింది.

ఆదివారం బోయినపల్లి నుంచి మరిది అర్జున్ రావు వచ్చాడు. జలపతి రావు బల్ల మీది కడ్డీ తీసి చూపించాడు.

"సిరామిక్‌ది. మస్తు రీసెర్చ్ చేసి నేనే సెలెక్ట్ చేసిన."

అర్జున్ రావు వదిన వైపు చూశాడు. ఆ గొప్పను కాదని చెప్పడం కూడా మొగుడికి మర్యాద ఇచ్చినట్టే అనిపించింది రత్నమాలకు. భర్త చేతిలోంచి కడ్డీ తీసుకుని, సంచిలో వేసుకుని తోటకు వెళ్లిపోయింది.