నేను తెలుగులో చెప్పిన అరవ సీరియల్

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా కోడలు గోడకు తగిలించిన పెద్ద టీవీలో ఏదో సీరియల్ పెట్టింది. అది అరవంలో తీసిందట, మాటలు మాత్రం తెలుగులో వినిపిస్తున్నాయి. తెర మీద పెద్దాయన నోరు ఒకటి అంటుంటే మన చెవికి ఇంకొకటి వినపడుతోంది, ఆయన పెదవులు మూసుకున్న తర్వాత కూడా మాట ఇంకా మిగిలే ఉంది. అది ఆస్పత్రి సీను, తెర మీద అందరూ ఏడుస్తున్నారు, నేనేమో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకోలేక అవస్థ పడుతున్నాను. ఏమైందత్తా అని కోడలు కంగారుపడింది. ఈ పని నేను నలభై ఏళ్ల కిందటే చేశానని, అదీ ఒకరి నోట్లో లేని మాటలు పెట్టి మరీ చేశానని చెబితే ఆ పిల్లకేం అర్థమవుతుంది? నా ఈడు వాళ్లకైతే చెప్పుకోవచ్చు, యాంటెన్నాతో కిందా మీదా పడిన తరం మనది.

మా ఊరు నాయుడుపేట నుంచి తూర్పుగా, సముద్రం దాపున. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. నేను ఆ బస్సులోనే నాయుడుపేటకు వెళ్లి ఇంటర్ చదివాను, పాసయ్యాను కూడా. మా అన్న అదే కాలేజీలో అదే ఇంటర్ తప్పి, ఆ సంతోషంలో నేలను ఊడ్చే ప్యాంట్లు కుట్టించుకుని, చెవులు కనపడకుండా జుట్టు పెంచి, టేప్ రికార్డర్ ఒకటి చంకన పెట్టుకుని తిరిగేవాడు. నాయుడుపేటలో క్యాసెట్ల అంగడికి వెళ్లి తనకు కావలసిన పాటలన్నీ ఏరి ఒకే క్యాసెట్లోకి ఎక్కించుకుని వచ్చేవాడు. ఫస్ట్ షోకి వెళ్లి ఎప్పుడొస్తాడో ఎవరూ అడిగేవారు కాదు. నేను మాత్రం వాడు పొలానికి వెళ్లినప్పుడు ఆ టేప్ రికార్డర్‌ను చిన్న గొంతుతో పెట్టుకుని, వాడు వచ్చేలోపు పాట మళ్లీ మొదటికి తిప్పి పెట్టేసేదాన్ని. నా కోరిక ఒక్కటే, నెల్లూరు వెళ్లి హాస్టల్లో ఉండి బీయే చదవాలని. నాతో చదివిన పిల్ల అప్పటికే చేరింది. దసరా సెలవులకు వచ్చినప్పుడు చూస్తే రెండు జడలు పోయి ఒక్క జడ అయింది, మాట్లాడేటప్పుడు చేతులు తిప్పుతోంది. నాకు కడుపు మండిపోయింది, అబద్ధమెందుకు?

నాయన చెడ్డవాడు కాడు. ఆడపిల్లను ఊరు దాటించి ఉంచడమంటే ఆయనకు భయం, అంతే. వచ్చే ఏడు చూద్దాంలే అన్నాడు. ఈలోగా నాయుడుపేటలో టీవీలమ్మే ఆయన మా నాయనకు ఒక మాట చెప్పాడు, ఇప్పుడు కాలేజీ పాఠాలు కూడా టీవీలోనే చెబుతున్నారు, ఇంట్లో కూర్చుని వినొచ్చు అని. అది విన్నాక నాయన ముఖం వెలిగిపోయి ఉంటుంది. వడ్లు అమ్మిన వారంలోనే బండిలో గడ్డి మెత్త వేసి టీవీ తెచ్చాడు. కర్ర పెట్టె, దానికి ముందు పక్కలకు జరిగే తలుపులు, తలుపులకు తాళం. ఊళ్లో అదే మొదటి టీవీ. నా వైపు చూసి, ఇంక నీకు నెల్లూరెందుకమ్మే, కాలేజీనే ఇంటికి తెచ్చినా గదా అన్నాడు. నిజంగానే అట్లా నమ్మాడు. నమ్మి అంత డబ్బు పోసిన మనిషితో పోట్లాడడం ఎట్లాగో నాకు తెలియలేదు.

పాఠాలు వచ్చేవి, రాలేదని అనను. మధ్యాహ్నం పూట ఒక గడ్డపాయన ఇంగ్లీషులో రాళ్ల గురించి చెప్పేవాడు. ఒకసారి కప్పను కోశారు. నాయన పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ, ఈ పొద్దు ఏం చెప్పినారని అడిగేవాడు, కప్ప అనేదాన్ని, బాగా చదువుకోమనేవాడు.

పగలు కాలేజీ అయితే సాయంత్రం ఆ ఇల్లు సినిమా హాలు. మాకు హైదరాబాదు కంటే మద్రాసే బాగా అందేది. సర్వి కట్టెకు కట్టిన యాంటెన్నా సముద్రం గాలికి తిరిగిపోతే అన్న మిద్దెక్కి సరిచేసేవాడు, ఉప్పుగాలికి తీగలు తుప్పు పట్టేవి, కాకి వాలితే బొమ్మ వణికేది. శుక్రవారం పాటలకూ మంగళవారం సీరియల్‌కూ వీధి వీధంతా మా నడవలోనే ఉండేది. పాటలకు భాషతో పనిలేదు. సీరియల్ దగ్గరే చిక్కొచ్చింది. మా ఊళ్లో అరవం ఎవరికీ రాదు, మా అమ్మకు తప్ప. అమ్మ పుట్టిల్లు సరిహద్దు అవతల. చిన్నప్పుడు సెలవులకు అమ్మమ్మ ఇంటికి వెళ్లి నేను కూడా నేర్చుకున్నాను. కానీ అమ్మ ఆ ఇంట్లో నోరు విప్పి అరవం మాట్లాడగా నేను వినలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె యాసకు మా వాళ్లంతా నవ్వారట, అప్పటి నుంచి తెలుగే తక్కువ మాట్లాడేది, ఇంక అరవం మాట దేనికి? అందరూ నడవలో ఉంటే అమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి చూసేది. అందుకని తెలుగులో చెప్పే పని నా మీద పడింది.

కొన్నాళ్లకు అది పని కాదు, బందిఖానా అయింది. మంగళవారం నేను జ్వరంతో పడుకున్నా లేపి కూర్చోబెట్టేవారు. అమ్మమ్మ ఇంటికి వెళ్తానంటే బుధవారం వెళ్లమనేవారు. నెల్లూరు మాట ఎత్తితే మా పెద్దమ్మ, అంటే నాయనకు వదిన, ముందు వరుసలో పీట వేసుకుని కూర్చునే మనిషి, గుండెల మీద చెయ్యి వేసుకునేది.

"నువ్వు బోతే మాకు కత ఎవురు చెప్తారు మే? మేమంతా మూగ బొమ్మలు జూస్తా కూచోవాల్నా?"

సాయంత్రం బస్సు మలుపులో హారన్ కొట్టడం నడవలోకి వినపడేది. ఆ హారన్ వింటూ, ముప్ఫై మంది ఊపిరి మెడ వెనక తగులుతుంటే, నాకు చెందని కథను నేను చెబుతుండేదాన్ని. ఊపిరాడేది కాదు.

అప్పుడు మొదలైంది ఆ సీరియల్. మద్రాసులో ఒక గుమాస్తా, ఆయనకో పెద్ద కూతురు. ఆ పిల్లకు మేనత్త కొడుకంటే ఇష్టం, తండ్రి వేరే సంబంధాలు చూస్తుంటాడు. మొదటి వారమే ఆ పిల్ల తండ్రి ముందు నిలబడి కళ్లనీళ్లు పెట్టుకుని ఏదో బతిమాలింది. ఏమంటోందని పెద్దమ్మ నా మోకాలు పొడిచింది. నా నోటి నుంచి వచ్చిన మాటకు నేనే ఉలిక్కిపడ్డాను: "కాలేజీకి పంపమంటా ఉండాది, పెద్దమ్మా."

ఇంక వెనక్కి తిరగడం లేదు. తండ్రి కసురుకుంటే, ఊరు దాటి ఆడపిల్ల ఉండకూడదంటున్నాడని చెప్పాను. తల్లి తలుపు చాటున ఏడిస్తే, పిల్ల చదువు కోసం ఏడుస్తోందన్నాను. ఏడుపుకు మనం ఏ కారణం చెప్పినా సరిపోతుంది, నోటి కదలిక ఎవరు చూడొచ్చారు? పెళ్లిచూపుల సీనే కాస్త కష్టమైంది. నలుగురు పెద్దమనుషులు వచ్చి చాపల మీద కూర్చున్నారు, పిల్ల కాఫీలు తెచ్చింది, వాళ్లు పాడమంటే పాడింది. కాలేజీ వాళ్లు పరీక్ష చెయ్యడానికి వచ్చారని చెప్పాను.

"కాలేజీలో జేరాలంటే పాట గూడా పాడాల్నా మే?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"బీయే అంటే అంతే మరి," అన్నాను.

గడప దగ్గర అమ్మకు ప్రతి మాటా తెలుసు. నేను చెప్పే ప్రతి అబద్ధం ఆమె చెవిన పడుతోందని నాకూ తెలుసు. ఒక్కసారైనా నా వైపు కళ్లెత్తలేదు, తర్వాత కూడా ఆ మాట ఎత్తలేదు. కంచంలో మాత్రం మంగళవారం రాత్రి చేప ముక్క పెద్దది పడేది.

నాయన టీవీ చూడడు, బయట అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ వింటాడు. అది నాకు తెలుసు కాబట్టే గొంతు పెంచి చెప్పేదాన్ని. వారాలు గడిచేకొద్దీ ఆడవాళ్లకు ఆ మద్రాసు తండ్రి మీద కోపం ముదిరింది. వీళ్లెవరూ కాలేజీ గడప తొక్కినవాళ్లు కారు, అయినా ఆ పిల్ల పక్షాన పడి వాడిని తిట్టిపోసేవారు. చివరికి పెద్దమ్మ ఒకరోజు అరుగు దగ్గర ఆగి, "ఏం అబ్బయ్యా, ఆ పాపిష్టోడి మాదిరి నువ్వు గూడా మన బిడ్డ ఉసురు పోసుకుంటావా?" అని మొహం మీదే అడిగేసింది. కథ చెప్పేవాళ్లు ఉండరని గుండెలు బాదుకున్న మనిషే! నాయన ఆ వారం సంతకు వెళ్లి వచ్చి, నెల్లూరులో ఆడపిల్లల హాస్టల్ బస్టాండుకు దగ్గరేనంట అని గాలిలోకి అన్నట్టు అన్నాడు. జూన్ ఇంకెంతో దూరం లేదు. మనసులో నేను అప్పటికే ఒక జడ వేసుకున్నాను.

తర్వాతి మంగళవారం టీవీ తలుపులు తెరవగానే నాదస్వరం. పందిరి, అరటి చెట్లు, పీటల మీద ఆ పిల్ల, నుదుటికి బాసికం, పక్కన మొగుడు. కాలేజీ వాళ్లని నేను చెప్పిన నలుగురూ ముందు వరుసలో కూర్చుని అక్షింతలు వేస్తున్నారు. పెద్దమ్మ నా వైపు తిరిగింది, అందరూ తిరిగారు. ఏడుపును చదువు చెయ్యగలిగాను, పెళ్లిచూపుల్ని పరీక్ష చెయ్యగలిగాను, తాళిబొట్టును ఏం చెయ్యను? స్నేహితురాలి పెళ్లి అనబోయాను, అప్పటికే మూడు ముళ్లూ పడ్డాయి. అరుగు మీద చుట్ట వాసన కూడా ఆగిపోయినట్టనిపించింది.

"ఏంది మే ఇది? పెండ్లి జేసేసినారా? ఏమంటా ఉండారు?" పెద్దమ్మకు నా మీద నమ్మకం పోయింది. గడప వైపు తల తిప్పింది. "ఏమ్మే, నీకు అరవం తెలుసు గదా, నువ్వన్నా చెప్పు."

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. తెర వైపే చూస్తూ, చిన్న గొంతుతో అంది.

"అది నిజం కాదు అక్కా. ఆ పిల్లకు కల వొచ్చింది. చెడ్డ కల."

నడవంతా హమ్మయ్య అంది. సరిహద్దు అవతల పుట్టిన మనిషి చెప్పిన తర్వాత అనుమానమెందుకు? నేను మాత్రం ఏడుపు ఆపుకోవడానికి పళ్లు బిగించుకున్నాను. పదిహేనేళ్ల వయసులో ఆ ఇంటికి వచ్చిన అమ్మ, నా కోసం అంతమందిలో అబద్ధమాడింది.

కానీ మరుసటి వారం కూడా ఆ కల అయిపోలేదు. ఆ పిల్ల అత్తగారింట్లో పొయ్యి ముట్టిస్తోంది. ఆ పై వారం నీళ్లు మోస్తోంది. ఇంకా నిద్ర లేవలేదా మే ఆ పిల్ల అని ఒకరు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. అప్పుడు నాయన అరుగు దిగి మొదటిసారి నడవలోకి వచ్చాడు. గుమ్మంలో నిలబడి కాసేపు బొమ్మను చూశాడు. కోపం లేదు ఆయన ముఖంలో, అందుకే నాకు భయం వేసింది.

"చెడ్డ కల అంటిరి. బానే ఉండాదే. ఇల్లు, వాకిలి, మొగుడు," అని వెళ్లిపోయాడు.

జూన్ వచ్చింది, నెల్లూరు మాట రాలేదు. ఆగస్టులో నాకు వెంకటాచలం ఊళ్లో సంబంధం కుదిరింది. నన్ను చూడవచ్చిన పెద్దమనుషులు ఆ నడవలోనే చాపల మీద కూర్చున్నారు, కాఫీలు నేనే ఇచ్చాను, పాడమంటే అన్న క్యాసెట్లో నేర్చుకున్నది పాడాను. టీవీ మీద పూల గుడ్డ కప్పి మూలకు జరిపారు. నా మొగుడు మంచివాడే, దేవుడి దయవల్ల ఏ లోటూ లేదు, ఈ మాట నేను మనస్ఫూర్తిగానే అంటున్నాను. అయినా పెళ్లి పీటల మీద కూర్చుని, ఇప్పుడెవరైనా నిద్ర లేపుతారేమోనని చూశాను.

ఇప్పుడు కాలం మారిందని అందరూ అంటారు, మారిన మాట నిజమే. తెల్లారేసరికి కృష్ణపట్నం వెళ్లే కంపెనీ బస్సుల్లో మెడలో కార్డులేసుకున్న ఆడపిల్లలు కిటికీ పక్కన కూర్చుని చెవుల్లో పాటలు పెట్టుకుని పోతుంటారు, వాళ్లను చూస్తే నాకు కడుపు నిండుతుంది. ఏ భాష కథ అయినా ఎవరి ఫోన్‌లో వాళ్లకు అర్థమవుతోంది. ముప్ఫై మంది ఒక నడవలో కూర్చుని ఎవరో గుమాస్తా కూతురి కోసం ఏడవడం మాత్రం పోయింది. ఆ నడవలో నాకు ఊపిరాడలేదన్నాను కదా, అయినా ఆ ఊపిర్లు ఒక్కోసారి గుర్తొస్తాయి.

అమ్మ పోయే ముందు ఏడాది నా దగ్గరే ఉంది. ఒక మధ్యాహ్నం తల దువ్వుతూ అడిగాను. అందరి ముందూ అంత అబద్ధం ఆడగలిగినదానివి, నాయనతో ఒక్క మాట, బిడ్డను చదవనీ అని ఎందుకు చెప్పలేకపోయావని. అమ్మ తిరిగి చూడకుండానే అంది.

"దాన్ని గురించి నన్నెవురు అడిగినారు? టీవీలో ఏమంటా ఉండారని అడిగినారు, చెప్పినా."

దువ్వెన అట్లాగే పట్టుకుని ఆలోచించాను. నాకు తెలిసి, ఆ ఇంట్లో అమ్మను ఎవరైనా ఏదైనా అడిగింది ఆ ఒక్కసారే.