నాలుగు కాళ్ల కోటు

ఆయన్ని వీధిలో అందరూ కోటు మాస్టారనేవారు. నలభై ఏళ్లుగా కోట్లు కుడుతున్న మనిషి. ఎదుటివాడి భుజాలు చూసి కొలత చెప్పేయగలడు గానీ, కుక్క కనిపిస్తే మాత్రం ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకునేవాడు. చిన్నప్పుడొకటి ఆయన పిక్క పట్టుకుంది.

ఆ ఏడు చలి ఎముకలు కొరికేసింది. ఒక ఉదయం కొట్టు మెట్టు మీద గోధుమరంగు కుక్క ముడుచుకుని వణుకుతోంది. అదిలించినా తలెత్తలేదు. ఆయన గోడకు అంటుకుపోయి లోపలికి జారుకున్నాడు. మిషను ముందు కూర్చున్నా చెయ్యి ఆడలేదు.

కాజాలు కుట్టే భార్య అంతా చూస్తూనే ఉంది.

"ఊరందరికీ కుడతారు. గుమ్మంలో ఉన్నదానికి కుట్టలేరా?"

"కొలతలు నువ్వు తియ్యి. నేను రాసుకుంటా."

మిగిలిన ఉన్ని గుడ్డతో, నాలుగు కాళ్లకూ నాలుగు చేతులు పెట్టి కోటు కుట్టాడు. భార్య తొడిగిన ఆ కోటు సాయంత్రానికి వానజల్లుకు తడిసి ముద్దై, ఒక చెయ్యి కుక్క నోట్లో ఉంది. అటుగా వెళ్తున్న పశువుల ఆసుపత్రి కాంపౌండరు చూసి పగలబడి నవ్వాడు. తడిగుడ్డ కన్నా ఒళ్లు ఖాళీగా ఉండటమే నయమనీ, అసలు చలి నేలలోంచి ఎక్కుతుందనీ చెప్పాడు. మాస్టారు ఆ మాట పట్టుకున్నాడు. చెక్కపెట్టెను ఇటుకల మీద పక్కకు పడుకోబెట్టి, లోపల ఎండుగడ్డి పరిచాడు. ఈసారి కోటుకు చేతులు లేవు, పైన వానకోటు గుడ్డ, పొట్ట కింద ఒక పట్టీ.

ఆ పట్టీ బిగించే రోజున భార్యకు జ్వరం. మాస్టారు కళ్లు గట్టిగా మూసుకుని కుక్క పొట్ట కింద చెయ్యి పెట్టాడు. వేళ్ల కింద ఏదో కదిలింది. మళ్లీ కదిలింది. భయం ఎటు పోయిందో, ఇంట్లోకి పరుగెత్తాడు.

"ఏమే, ఇది కడుపుతో ఉంది. కుట్టు విప్పి వదులు చెయ్యాలి."

మూడుసార్లు వదులు చేశాక, ఆ గడ్డిలోనే నాలుగు పిల్లలు పుట్టాయి. ఆ సంబరంలో వీధి కుక్కలన్నిటికీ కోట్లు కుట్టాడు. మనుషుల కోట్లు మూలపడ్డాయి. నల్లకోటు కోసం నెల నుంచి తిరుగుతున్న ప్లీడరుగారు ఒకరోజు కడిగేద్దామనే వచ్చారు. వచ్చినాయన పెట్టె దగ్గరే ఆగిపోయారు. కాసేపటికి ఒక పిల్లను ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నారు.

"నా కోటుకు పోగా మిగిలే గుడ్డతో దీనికొకటి కుట్టండి మాస్టారూ. ఎన్నాళ్లుగానో జూనియర్ దొరక్క ఇబ్బందిపడుతున్నాను."

మాస్టారు టేపు తీసి, ప్లీడరుగారి పక్కనే కూర్చుని, తనే పిల్ల మెడ కొలవడం మొదలుపెట్టాడు.