పనస కర్ర గిటారు

మా బావ పోయాడు. జాకెట్టుకి చేతులు అతుకుతూ ఉండగా గరివిడి నుంచి అక్క ఫోన్ చేసింది. "ఒసే, మీ బావ ఎల్లిపోనాడే" అంది. ఏడవలేదు. "నీళ్ల గ్లాసు పెట్టి ఇటు తిరిగేసరికి ఊపిరి లేదు. నానేటి సేసేదే ఇప్పుడు?" అని నన్నే అడిగింది. జాకెట్టు మిషను మీదే వదిలేసి బస్టాండుకి పరుగెత్తాను. విజయనగరం నుంచి గరివిడి పెద్ద దూరం కాదు గానీ ఆ పూట బస్సు ఎంతకీ కదిలినట్టు అనిపించలేదు.

మీలో ఎవరికీ ఆయన తెలిసి ఉండడు. గరివిడి ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. ఎవరింటికి వెళ్లినా ముందు స్విచ్చిబోర్డు వైపు చూసేవాడు. పెళ్లిళ్లలో భోజనానికి పిలుస్తుంటే, మైకుసెట్టు వాళ్ల దగ్గర కూర్చుని వదులైన వైరు బిగించి వచ్చేవాడు. ఏ పనికైనా కొలత తీసి, కాసేపు దాన్ని చూస్తూ నిలబడి, "సూద్దారి" అనేవాడు. అది అవుననీ కాదు, కాదనీ కాదు. కానీ ఆయన సూద్దారి అన్న పని ఆగిపోవడం నేను చూడలేదు.

పెళ్లికి ముందు, కాలనీ ఆర్కెస్ట్రాలో ఎవరిదో గిటారు వాయించేవాడట. సొంతానికి ఒకటి ఎప్పుడూ లేదు. పిల్లలు చదువులకి వెళ్లిపోయి ఇల్లు ఖాళీ అయ్యాక, ఎలక్ట్రిక్ గిటారు కొనడం కాదు, తనే చేసుకుంటానన్నాడు. బొబ్బిలి వైపు నుంచి వీణలు చేసే పనస చెక్క ఒకటి భుజాన వేసుకుని బస్సు దిగాడు.

"పనసేటి బావా, గిటారుకి?" అని నవ్వాను.

"వీణకి పనికొచ్చినాది గిటారుకి పనికిరాదేటే? వాసన సూడు" అని చెక్క నా ముక్కు దగ్గర పెట్టాడు.

వెనక వరండాలో పసుపు రంగు పొట్టు రాలడం మొదలైంది. గిటారు ఆకారం కాగితం మీద గీసి, కత్తిరించి, చెక్క మీద అంటించి రంపంతో కోశాడు. పాత మంచం పట్టె టేకుది ఉంటే దాన్ని మెడగా చెక్కాడు. చెక్కుతుండగానే ఉలి చేతిలోంచి జారడం మొదలైంది. మొదట చెమట అనుకున్నాడు. ఆ తర్వాత చొక్కా గుండీ పట్టుకోలేకపోయాడు. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో తీగలు పెట్టి, సూదులు గుచ్చి, నరాల జబ్బు అన్నారు. కండలకి కదలమని చెప్పే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయట. మందు లేదన్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అక్క మా ఇద్దరి మధ్య కూర్చుని ఏడుస్తోంది. నేను బావ సూద్దారి అంటాడేమోనని ఎదురుచూశాను. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు వెళ్తే మళ్లీ వరండాలోనే ఉన్నాడు. అక్క మండిపడింది. "ఇప్పుడు గిటారేటి? మడిసికి బుద్ధుండక్కర్లే?"

"సేతులున్నప్పుడే గదే సెయ్యాలి" అన్నాడు బావ, మామూలుగానే.

అక్క లోపలికి పోయింది. కాసేపటికి వచ్చి, ఆయన చేతిలోంచి గరుకు కాగితం లాక్కుని తనే రుద్దడం మొదలుపెట్టింది.

అప్పటి నుంచి అది మా అందరి పని అయింది. పికప్ అని ఒకటుంటుంది. తీగల కదలికను కరెంటుగా మార్చే రాగి చుట్ట. ఆ రాగి తీగ తలవెంట్రుక కన్నా సన్నం. వేలసార్లు చుట్టాలి. బావ వేళ్లు అప్పటికి చెంచా కూడా పట్టుకోవడం లేదు. నా పాత కుట్టు మిషను గరివిడి తెచ్చి, బాబిన్‌కి దారం చుట్టే చోట ఆ చుట్టని బిగించాం. నేను తొక్కుతుంటే బావ కుర్చీలో కూర్చుని తీగ వంక చూసేవాడు. "మెల్లగా... మెల్లగా తల్లీ... తెగిపోతాది." తెగేది. మళ్లీ మొదటి నుంచి. ఒకరోజు బాగా చుట్టుకుంటూ వస్తుండగా తీగ ఒక పక్కకి జరిగిపోయింది. బావ అది చూసి, సరిచేయడానికి చెయ్యి ఎత్తబోయాడు. భుజం కొంచెం కదిలింది. చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది. ఆ చేతిని ఎవరిదో అన్నట్టు చూశాడు. తీగ తెగిపోయింది. నేను తొక్కడం ఆపి, పడని కత్తెర కోసం కింద వెతికాను.

ఎలాగో పికప్ అయింది. వీణ మెట్ల లాంటివి గిటారుకీ ఉంటాయి. వాటిని మెడ మీద దిగగొట్టే సమయానికి బావ మాట పోయింది. గొంతులోంచి శబ్దం వచ్చేది గానీ అక్షరం కట్టేది కాదు. అక్క సుత్తితో కొడుతుంటే ఒక చోట బావ గట్టిగా ఏదో అన్నాడు.

"ఎక్కువ దిగిపోనాదా?" అంది అక్క. కాదన్నట్టు కళ్లు మూశాడు.

"తక్కువా? వంకరా? తప్పు సోటా?"

అన్నిటికీ కళ్లు మూశాడు. నీళ్లు కావాలా, ఫ్యాన్ వెయ్యాలా, ఎక్కడైనా నొప్పా అని అడిగాం. మళ్లీ అదే శబ్దం చేశాడు. ఏం చెప్పాలో ఆయనకి స్పష్టంగా తెలుసు. ఎదురుగా ఇద్దరం ఉన్నాం, నాలుగు చేతులున్నాయి, ఒక్కటీ ఆయన మాటకి అందడం లేదు. చివరికి మా మీద జాలిపడ్డట్టు శబ్దం ఆపేసి గోడ వైపు చూశాడు. ఏం చెప్పాడో ఇప్పటికీ తెలియదు. గిటారులో ఆ తప్పు ఉండే ఉంటుంది. మాకు కనబడదు.

పోవడానికి కొద్ది రోజుల ముందు అంతా బిగించడం అయింది. బావ ముందే చెప్పి పెట్టినట్టుగా వైర్లు అతికి, తీగలు కట్టి, చిన్న యాంప్లిఫయరుకి తగిలించాం. మధ్యాహ్నం. ఆయన్ని మంచం మీద దిండ్లు పెట్టి కూర్చోబెట్టి గిటారు ఒళ్లో పెట్టింది అక్క. స్విచ్చి వేయగానే తేనెపట్టు కదిపినట్టు ఒకటే రొద. వాయించడం మాకెవరికీ రాదు. అక్క ఒక తీగ మీటింది. రొద మధ్యలోంచి ఆ శబ్దం గదంతా సాగింది. బావ కళ్లు పెద్దవి చేసి విన్నాడు. అక్క ఇంకో తీగ మీటింది. మాకు తెలిసిన సంగీతం అంతే.

తర్వాత అక్క ఆయన కుడిచేతిని ఎత్తి తీగల మీద పెట్టింది. రొద తగ్గిపోయింది. చెయ్యి తీస్తే మళ్లీ మొదలైంది. పెడితే ఆగింది. ఎవరు తాకినా అలాగే తగ్గుతుందని తర్వాత మైకుసెట్టు అతను చెప్పాడు. ఆ వేళ మాకు తెలియదు. "సూడే, మీ బావ సెయ్యి పెడితే ఊరుకుంతన్నాది" అంది అక్క. ఆ చెయ్యి జారిపోకుండా దాని మీద తన చెయ్యి వేసి పట్టుకుంది. ఎవరం ఏమీ మీటలేదు. యాంప్లిఫయరు మీద ఎర్ర దీపం వెలుగుతోంది. పనస చెక్క మీద రెండు చేతులు, ఒకదాని మీద ఒకటి, అలాగే ఉన్నాయి.