తలుపు కోసం నాలుగు ఆదివారాలు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకొక అమాయకపు నమ్మకం ఉండేది. కావలసిన వస్తువు పేరు కాగితం మీద రాసిస్తే ఎవరో ఒకరు తెచ్చిస్తారని. అన్నూరు దగ్గర మా సర్కారు బడి ఆ నమ్మకాన్ని ఒక్క ఏడాదిలో వదలగొట్టింది. బడి గోడకు అవతల ఒక చర్చి. ఆ సంఘంవాళ్ళకు మా టీచర్లంటే మహా అభిమానం. ఏ పండగొచ్చినా మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి శాలువాలు కప్పేవారు (మా వైపు గౌరవమంటే శాలువాయే, మే నెల ఎండైనా సరే). నాకు ఏడు శాలువాలు పోగయ్యాయి. ఆడ టీచర్ల మరుగుదొడ్డికి మాత్రం తలుపు లేదు, గోనెపట్టా వేలాడేది. ఆ భయానికి మేం ముగ్గురం సాయంత్రం దాకా చుక్క నీళ్ళు ముట్టేవాళ్ళం కాదు. మా హెడ్మిస్ట్రెస్ అక్క అప్పటికే రెండుసార్లు మూత్రంలో మంటతో జ్వరపడింది.

ఓ శుక్రవారం చర్చి ఆవిడ ఒకరు వచ్చి, "మీకేమి కావల్నో రాసియ్యండి, ఆదివారం చదువుతాము" అని తలా ఒక చీటీ ఇచ్చింది. నేను తలుపు అని రాసి, ఊరుకోకుండా ఆరున్నర అడుగుల ఎత్తు, రెండున్నర వెడల్పు అని కొలతలు కూడా వేశాను. "కొలతంతా ఏల, అమ్మిణీ?" అంది అక్క. "తప్పు కొలతది తెస్తే ఎట్లక్కా?" అన్నాను. అది ప్రార్థన చీటీ అని, దాన్ని చదివేది దేవుడికని, గుడికి తప్ప ఎక్కడికీ పోని నాకేం తెలుసు? ఆదివారం మమ్మల్నీ పిలిచి చర్చిలో కూర్చోబెట్టి, పాస్టరుగారు నా కొలతలను మైకులో అంగుళం తగ్గకుండా చదివారు. సంఘమంతా కళ్ళు మూసుకుని కన్నీళ్ళు పెట్టుకుంది. అందరికంటే గట్టిగా, "ప్రభువా, ఒక్క తలుపు!" అని మొరపెట్టింది ముందు వరస పెద్దాయన. ఆయనది కలప దుకాణం. అక్కడ గోడకు ఆనించి నలభై తలుపులున్నాయి.

మూడు ఆదివారాలు ఇదే ప్రార్థన. లౌడ్‌స్పీకరు పుణ్యమా అని బస్సు కండక్టరు కూడా, "టీచరమ్మా, తలుపు వచ్చెనా?" అని అడిగేవాడు. తలుపు రాలేదు, అక్కకు మూడోసారి జ్వరం వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. ప్రార్థన ఫలించినవాళ్ళ కృతజ్ఞత చీటీలు ముందుగా చదవడం అప్పటికే గమనించాను. నాలుగో ఆదివారం చర్చికి వెళ్ళి నేనూ అలాంటిదొకటి రాసి చీటీల పెట్టెలో వేశాను: "కలప దుకాణం పెద్దాయన ఈ వారం తలుపు ఇస్తున్నందుకు దేవుడికి స్తోత్రం." పాస్టరుగారు చదివారు. చప్పట్లు మోగాయి. పెద్దాయన ఏదో అనబోయి నోరు తెరిచేలోగా లేచి వెళ్ళి నా ఏడు శాలువాల్లో మంచిది, సంచిలో తెచ్చుకున్నది, ఆయన భుజాన కప్పాను.

బుధవారం తలుపు వచ్చింది. రెండు వైపులా ఎర్ర రంగుతో ఆయన పేరు, తండ్రి పేరు, తాత పేరు. గడియ మాత్రం లేదు. అక్క ఆ మధ్యాహ్నం సీసాడు నీళ్ళు గటగటా తాగి, "గడియ లేదే, ఎట్ల పోయేది?" అంది. "నువ్వు పో అక్కా, నేను బయట నిలుచుకుంటా" అని తలుపు పట్టుకున్నాను. అంత సంతోషంగా నేనెప్పుడూ కాపలా కాయలేదు.

ఇప్పుడు నేనే హెడ్మిస్ట్రెస్‌ని. ఇంకో ఊరు, ఇంకో బడి, బీరువా నిండా శాలువాలు. మొన్న మా కొత్త టీచరు తరగతికి ఫ్యాను కావాలని రెక్క పొడవుతో సహా రాసిస్తే, "చూద్దాం" అన్నాను. అన్నాక నామీద నాకే నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. ఇంటికెళ్ళి, ఊళ్ళో ఫ్యాన్ల దుకాణం ఆయన కోసం బీరువాలోంచి మంచి శాలువా ఒకటి తీసి బ్యాగులో పెట్టుకున్నాను.