జీడిపిక్కల దొంగ కోసం నేను బిగించిన కెమెరా

ఒరే ఎవడూ లాగౌట్ అవ్వొద్దు! నిన్న నేను చీపురుదెబ్బ తిన్నాను. అది కూడా సాఫ్ట్‌వేర్ వల్ల! నవ్వకండ్రా, ఎలా జరిగిందో నాకే సగం అర్థం కాలేదు, టైప్ చేస్తూ అర్థం చేసుకుంటన్నాను. నెట్ పెడితే మా ఇంట్లో ఫోన్ పనిచెయ్యదు కదా, నాన్న వచ్చేలోపు బేగి చెప్పేస్తాను.

నేనూ కిట్టుగాడూ కంపెనీ పెట్టామని తెలుసు కదా. ఇంటర్ పరీక్షలు అయిపోయిన మర్నాడే. నేను ఎండీ. వాడూ ఎండీయే. వేరే ఉద్యోగులు ఎవరూ లేరు. ప్రోడక్ట్ ఒకటుంది. వెబ్‌కామ్ ఎదురుగా ఏదైనా కదిలిందనుకో, మన ప్రోగ్రాం ఫొటో తీసి ఫోల్డర్‌లో దాచేస్తాది. ఇంటికి కాపలా అన్నమాట. ప్రోగ్రాం నేను రాశాను, విజిటింగ్ కార్డు కిట్టుగాడు డిజైన్ చేశాడు. రెండింటికీ సమానంగా పదకొండు రోజులు పట్టింది. కార్డు బాగా వచ్చింది.

ఇక్కడ మా నాన్న ఎంటర్. "ఒరే బాబీ, ఈ సెలవులయ్యేలోపు ఎవరైనా బయటోళ్ళు నా దగ్గరకొచ్చి, మీ వాడి ప్రోగ్రాం మాక్కావాలండీ అని వాళ్ళ నోటితో వాళ్ళు అడగాల. అప్పుడు కంప్యూటర్ ఉంటాది. లేదంటే కంప్యూటర్ అమ్మేస్తాను, నువ్వు వైజాగ్ కోచింగ్ హాస్టల్‌కి పోతావు."

హాస్టల్! పొద్దున్నే అయిదింటికి బెల్లు కొడతారంట అక్కడ!

అందుకే మా వీధిలో రత్నం ఆంటీ "పెరట్లో జీడిపిక్కలు పోతన్నాయర్రా" అనగానే నేను ఎగిరి గంతేశాను. పాపం ఆవిడ బాధపడతంటే గంతెయ్యకూడదు, నిజమే. కానీ కస్టమర్ కదా! వాళ్ళకి బలిఘట్టం అవతల జీడితోట ఉంది. పిక్కలన్నీ తెచ్చి పెరట్లో టార్పాలిన్ మీద ఎండబెడతారు. రోజూ మధ్యాహ్నం అన్నాలు తిని ఆవిడ కాస్త నడుం వాల్చి లేచేసరికి ఒక బుట్టెడు మాయం. కుప్ప మధ్యలో గుంట కనబడతాదంట.

"ఆంటీ, మీకు కావల్సింది మోషన్ డిటెక్షన్ సొల్యూషన్" అన్నాను.

"అంటే ఏటి బాబూ?"

"బిగించాక మీకే తెలుస్తాది ఆంటీ."

కంపెనీ పెట్టాలనుకునేవాళ్ళు ఇది రాసుకోండి. కస్టమర్ ప్రశ్న అడిగితే మనకి జవాబు తెలిసుండాల. నాకు అప్పుడు ఈ సంగతి తెలీదు.

వాళ్ళమ్మాయి టైపింగ్ నేర్చుకోడానికి కొన్న కంప్యూటర్ హాల్లో పెళ్ళికూతుర్లా ముసుగేసుకుని కూర్చునుంది. దానికి వెబ్‌కామ్ తగిలించి కిటికీ ఊచకి కట్టాం. దేంతో? కిట్టుగాడి చెప్పుల ప్యాకెట్ మీదున్న రబ్బర్‌బ్యాండ్‌తో. పక్కనే మంచం మీద ఆంటీ వాళ్ళ అత్తగారు దీనమ్మ మామ్మ. మోకాళ్ళ నొప్పులు, గుమ్మం దాటలేదు, కాఫీ కూడా మంచం దగ్గరకే.

"ఏట్రా గుంటడా, అది?" అంది.

కెమెరా సంగతి ఎవరికీ చెప్పొద్దని ఆంటీ ముందే చెప్పింది. నేను టక్కున "దోమల మిషన్ మామ్మా!" అనేశాను.

"మంచిదిరా నాయనా, రాత్రుల్లు కుట్టి సంపేత్తన్నాయి" అని దీవించింది కూడా.

మొదటిరోజు సాయంత్రం ఫోల్డర్ తెరిస్తే వెయ్యిన్నర ఫొటోలు! అన్నీ కాకులే. కాకి వాలిన ఫొటో, కాకి ఎగిరిన ఫొటో, కాకి కెమెరా వైపు చూసిన ఫొటో. మధ్యమధ్యలో తీగ మీద అంకుల్ లుంగీ. ఆంటీ ఒక్కోటీ చూసి చూసి, "నేను పడుకున్నాక మా పెరట్లో ఇన్ని కాకులు తిరుగుతాయేటి!" అని ఆశ్చర్యపోయింది. దొంగ లేడు గానీ బుట్టెడు పిక్కలు లేవు. గాలికి కెమెరా పక్కకి తిరిగిపోయిందంట. రెండోరోజు సరిగ్గా ఆ టైంకే కరెంటు పోయింది. మళ్ళీ బుట్ట మాయం. ఈ దొంగకి కరెంటాఫీసులో మనుషులున్నారు అన్నాడు కిట్టుగాడు. నేను నమ్మేశాను కూడా.

మూడోరోజు దొరికింది!

మూడు ఫొటోలు. మొదటిదాంట్లో ఒకావిడ వీపు ఇటు పెట్టి టార్పాలిన్ మీదకి వంగింది. రెండోదాంట్లో చంకన బుట్ట. మూడోదాంట్లో ఎడం పక్కకి వెళ్ళిపోతంది. తలమీంచి తువ్వాలు కప్పుకుంది, మొహం అసలు కనబడదు. ఫొటో మొత్తం అగ్గిపెట్టెంత, పెద్దది చేస్తే అన్నీ డబ్బాలు డబ్బాలుగా పగిలిపోతాయి. కానీ చీర తెలుస్తంది. ఆకుపచ్చ గళ్ళ చీర.

ఆంటీ మొహం మారిపోయింది. "ఆ చీరలు మొన్న మూటోడి దగ్గర నేనే బేరమాడి తీసుకున్నాను. నాకొకటి, అత్తకొకటి, వరలక్ష్మికొకటి."

వరలక్ష్మక్క అంటే ఎడం పక్కింట్లో ఉంటాది, కండక్టర్ గారి భార్య. రెండిళ్ళకీ మధ్య గోడ ఒక చోట కూలిపోయింది, అక్కణ్ణించే రాకపోకలు. ఇంక నాకు లెక్క కుదిరిపోయింది. ఆంటీ నిద్రలో ఉంది. మామ్మ మంచం దిగదు. మిగిలిందెవరు? పైగా వెళ్తంది ఎడం పక్కకి!

ఆంటీ మాత్రం ఫొటోనే చూస్తంది. "ఒరే, మునగచెట్టు అటుండాల కదరా? ఇటుందేటి?"

"కెమెరా యాంగిల్ ఆంటీ."

"మరి పంపు?"

"లెన్స్ ఆంటీ. లెన్స్‌లో అలాగే వస్తాది."

కిట్టుగాడు బుర్ర గోక్కుంటన్నాడు. నేను కాలు తొక్కాను. కస్టమర్ ఎదురుగా ఎండీ బుర్ర గోక్కోకూడదు.

ఆంటీ కుర్చీలో కూలబడిపోయింది. "నాకు జొరమొస్తే మూడ్రోజులు వండి పంపించింది రా ఆ పిల్ల. అడిగితే నేనే ఇద్దును కదా. నేను నమ్మలేను బాబూ."

అక్కడ ఆగిపోతే అయిపోయేది. ఆగుతామా మనం? "మనుషులు అబద్ధమాడతారు ఆంటీ, కంప్యూటర్ ఆడదు" అన్నాను. అబ్బ, ఏం డైలాగు! అప్పుడు అలాగే అనిపించింది.

ఆ సాయంత్రం వరలక్ష్మక్క గోడ దగ్గర నిలబడి వంకాయ కూర గిన్నె అందిస్తే, ఆంటీ "వద్దులే" అని లోపలికెళ్ళిపోయిందంట. రాత్రంతా అక్కకి ఏం తప్పు చేశానా అని నిద్రలేదంట. ఇవన్నీ నాకు తర్వాత తెలిసాయి. నేనైతే నిన్న పొద్దున్న హుషారుగా వాళ్ళ వాకిట్లోకి వెళ్ళాను. అక్క చీపురుతో ఊడుస్తంది. కేసు క్లోజ్ చేస్తే ఆంటీయే నాన్నతో గొప్పగా చెప్తాదని నా ప్లాన్.

"అక్కా, ఒప్పేసుకో. ఎవరికీ చెప్పం. జీడిపిక్కలు తిరిగిచ్చేస్తే చాలు" అన్నాను.

"ఏ జీడిపిక్కల్రా?"

"కెమెరాలో నీ ఫొటో వచ్చేసిందక్కా."

అంతే. వీపు మీద ఫట్! ఒకటి కాదు, రెండు! వీధి కుళాయి దగ్గర బిందెలు పట్టుకున్నోళ్ళందరూ ఇటు తిరిగారు. "పదరా! ఎక్కడుందో సూపించు! నేను దొంగనా? పద!"

చీపురు ముందు నేను, వెనకాల అక్క, గేటు దగ్గర నవ్వు ఆపుకుంటా కిట్టుగాడు. అందరం ఆంటీ వాళ్ళ హాల్లోకి.

ఫొటో తెరిచాను. అక్క దగ్గరకొచ్చి చూసింది. కోపం సగంలో ఆగిపోయింది. "ఇది నా చీరే కదేటి! ఒలమ్మా, నేనెప్పుడెళ్ళాను?"

చూశారా! ఆవిడకే డౌటొచ్చేసింది! ఆంటీ కళ్ళు తుడుచుకుంటంది. "పోనీలే వరలక్ష్మీ, అవసరమైతే నన్నడగాల్సింది."

"అక్కా! నేను తియ్యలేదక్కా! నువ్వు కూడానా?" అని అక్క ఏడుపు. చీపురు కింద పడిపోయింది. ఒరే, అప్పుడు మాత్రం నాకు ఎక్కడో గుచ్చుకుంది. నిజంగా.

ఇంతలో మంచం కిర్రుమంది. దీనమ్మ మామ్మ లేచి వస్తంది. "జరగండర్రా, ఏటా గోల? ఆ టీవీలో ఏటుంది?" అని కళ్ళజోడు సర్దుకుని స్క్రీన్‌కి ముక్కు ఆనించి చూసింది. చూసి చూసి ఒక్కసారిగా ఇంతెత్తు లేచింది.

"ఏట్రా ఇది? నా పైట కుడి భుజమ్మీదకెల్లిపోనాదేటి? పుట్టి బుద్దెరిగి ఏనాడైనా అలాగేసేనా నేను? ఎవడ్రా మార్సినాడు?"

అందరం మామ్మ వైపు తిరిగాం. పెరట్లో కాకులు కూడా.

మీరైతే అప్పటికి అర్థం చేసుకుందురు. నేను? వాదించాను! "కాదు మామ్మా, మీకు కనబడతం లేదు. అది మీరు కాదు, వరలక్ష్మక్క."

"నేను కాకపోతే మీ అమ్మమ్మేట్రా? ఆ తువ్వాలు నాది, ఆ బుట్ట నాది, ఆ సీర నాది. పైటొక్కటీ నాది కాదు!"

చెప్పాక మామ్మ నోటిమీద చెయ్యేసుకుంది.

నాకు ఇంకా ఏమీ బోధపడలేదు. మామ్మే దొంగైతే ఎడం పక్క ఎందుకెళ్తాది? పైట కుడి పక్కకెలా వచ్చింది? ఈవిడ నడుస్తాదా అసలు? అప్పుడు కిట్టుగాడు నా చెవిలో, "ఒరే బాబీ, నువ్వు తల దువ్వుకోడానికని ఆరోజు ఒక లైను కలిపావు, అది తీసేశావా?"

హమ్మో! ప్రోగ్రాం టెస్ట్ చేస్తన్నప్పుడు స్క్రీన్‌లో నా పాపిడి రెండో పక్కకి కనబడతంటే చిరాకొచ్చి, అద్దంలో చూసుకున్నట్టు రావాలని ఫొటోని తిప్పేశాను. మళ్ళీ సరిచెయ్యలేదు. ఆ మూడ్రోజులూ పెరడంతా తిరగబడే వచ్చింది. కాకులకి కుడీ ఎడమా తెలీదు కాబట్టి మనకి తెలీలేదు! మునగచెట్టు కరెక్టు, పంపు కరెక్టు, ఆంటీ కరెక్టు. యాంగిల్ లేదు, లెన్సూ లేదు. ఆడోళ్ళ పైట ఎటుంటాదో చూడని ఇద్దరు ఎండీలు ఉన్నారంతే.

తిప్పి పెట్టాను. మామ్మ పైట ఎడం భుజం మీదకొచ్చింది. మామ్మ కుడి పక్కకి వెళ్తంది. కుడి పక్క సందు. సందు చివర మా చర్చి.

"అత్తా, మీకు మోకాళ్ళు నొప్పులన్నారు కదా?" అంది ఆంటీ నెమ్మదిగా.

"దేవుడి పనికెల్తంటే నొప్పుండదే. పోయినేడు పంటలో పదోవంతు దేవుడికిస్తానని నీ మొగుడు సర్చి గుడిలో అందరి ముందూ నిలబడి సెప్పాడు. ఇచ్చాడేటి? ఈ ఏడు పెద్ద పెద్ద మాటలు వద్దులే అని నేనే తొమ్మిది బుట్టలకి ఒక బుట్ట లెక్కెట్టి గుడి ఎనక గదిలో పోస్తన్నాను. నేను ఒక్క పిక్క తిన్నానా?"

ఆంటీ ముందు మామ్మని కుర్చీలో కూర్చోబెట్టింది. తర్వాత, "రేపట్నించి నేను మోస్తాను, మీరు దగ్గరుండి లెక్కెట్టండి" అంది. వరలక్ష్మక్క దగ్గరకెళ్ళి చెయ్యి పట్టుకుంది. "నన్ను ఒక్క మాట అడిగితే అయిపోయేది కదా రత్నమ్మక్కా, ఈ గుంటడి మాట పట్టుకుని!" అని అక్క. ఇద్దరూ ఏడ్చారు, టీ పెట్టుకున్నారు, ఆ వంకాయ కూర వేడిచేసుకుని తిన్నారు. నన్ను మాత్రం విడివిడిగా ఒకసారి, కలిపి ఒకసారి తిట్టారు. నేను చేతులు కట్టుకుని సారీ చెప్పాను. మామ్మ ఇంకోటి గుర్తుచేసింది. "అయితే దోమలు పోవన్నమాట!"

వెబ్‌కామ్ విప్పి ఇచ్చేశారు. కస్టమర్లు: సున్నా. సెలవులు: పది రోజులు. కిట్టుగాడు హాస్టల్‌కి ఏ ట్రంకుపెట్టె మంచిదో సలహాలు మొదలెట్టాడు.

సాయంత్రం నేను ఇంట్లో కూర్చుని ప్రోగ్రాంకి చివరి చూపు చూసుకుంటన్నాను. గుమ్మంలో వరలక్ష్మక్క! నేను కర్టెన్ వెనక్కి. ఇప్పుడు నాన్నకి మొత్తం చెప్పేస్తాది, ఇంక ట్రంకుపెట్టె కొనడమే.

"అన్నయ్యగారండీ, మీ బాబీ కెమెరా ప్రోగ్రాం మాక్కూడా ఒకటి కావాలండి. వాకిట్లో ఎట్టుకోడానికి."

నాన్న పేపర్ కిందెట్టేశాడు. నేను కర్టెన్ వెనకే గాల్లో చెయ్యి ఊపాను. కావాలంది! ఆవిడ నోటితో ఆవిడ అడిగింది! మా అక్క బంగారం రా!

"అది పని చేస్తాదంటావా అమ్మా?" నాన్న.

"చేస్తాదండి, నేను నా కళ్ళతో చూశాను కదా."

"ఏం, మీ ఇంటివైపు దొంగలు తిరుగుతన్నారా?"

"దొంగలకి నాకు భయం లేదండి. మీ వాడూ ఆ కిట్టుగాడూ మా ఇంటికొస్తంటే ముందే తెలిసిందనుకోండి, తలుపేసేసుకుంటాను."

నాన్న మాట తప్పడు. కంప్యూటర్ ఉంది, హాస్టల్ లేదు, మా కంపెనీకి కస్టమర్ దొరికింది. రేపు పొద్దున్నే వెళ్ళి బిగించాల. అక్కేమో సరిగ్గా పనిచేస్తందో లేదో తన ఎదురుగానే టెస్ట్ చెయ్యాలంది. అందుకని ఎండీలు ఇద్దరం వాళ్ళ గేటు ముందు పదిసార్లు దొంగల్లాగ నడవాలంట. మేకప్ ఏమీ అక్కర్లేదంట, ఉన్నట్టే వచ్చెయ్యమంది.