మూడు మిల్లీమీటర్లు

చీలిక కనబడితే చాలు, నాంపల్లిలో మా పై వాటాలో కిరాయికున్న పరిశోధక విద్యార్థిని, దాని కొసన బొటనవేలి గోరు ఆనించేది. గోడైనా సరే, నా చెప్పైనా సరే.

"గాజు టక్కున పలుగుతది అమ్మమ్మా. ఇనుము గట్ల గాదు. సాగుకుంట నిదానంగ చీలుతది. గా చీలిక ఏడికెళ్లి ఆగకుంట ఉరుకుతదో, గదే నా లెక్క."

ఆ లెక్క ఇనుపరేకుల మీద రెండుసార్లు తప్పింది. సోమవారం మూడో పరీక్షలోనూ తప్పితే పద్ధతే వదిలేయమన్నారు వాళ్ల సారు.

ఆదివారం అబిడ్స్‌లో బత్తాయిలు కొంటుంటే కవరు అంచు చీలింది. వెంటనే గోరు ఆనించి, కాస్త కింద పెన్నుతో గీత గీసింది.

"గీత దాంక ఓర్చుకుంటది, ఆడికెళ్లి ఉరుకుతది, సూడుండ్రి."

ఒక్కొక్క పండే వేస్తూ పోయింది.

"ఇంకో కవరిస్త గదమ్మా!" అన్నాడు బండివాడు.

"వద్దన్నా, లెక్క ఖరాబైతది!"

పదమూడో పండుకు కవరు సర్రున తెగింది. బత్తాయిలు ఆటోల కింద దొర్లుతుంటే ఆమె రోడ్డు మీదే గంతులేసింది. నేను పండ్లు ఏరకముందే సంచిలోంచి బట్టలు కొలిచే టేపు తీశాను. నిదానంగా సాగి తెల్లబడిన అంచు గీతకు కాస్త ముందే ఆగిపోయింది.

"తప్పినవే పిల్లా, మూడు మిల్లీమీటర్లు!"

"గది మీ చేతి వణుకు, అమ్మమ్మా!"

నవ్వు ఆపుకోలేక ఇద్దరం బండి పట్టుకుని నిలబడ్డాం.

సోమవారం ఫోను మోగింది. "అమ్మమ్మా, రేకుల చీలిక సరిగ్గ గీత కాడికెళ్లే ఉరికింది!"

"ఎవరు కొలిచిన్రే?"

"మెషీను!"

డైరీ తీసి, ఆదివారం కింద రాసిన మూడు మిల్లీమీటర్ల పక్కన ‘నా చెయ్యి’ అని రాసుకున్నాను.