చదరంగంతో తేల్చిన చదువు

మా ఊరు సాతంరాయిలో మా ఇంటి ముందు గది కిరాయికి ఇచ్చేవాళ్లం. తొంభైల మొదట్లో అందులో ఒక సారు దిగారు. గుంటూరు వైపు మనిషి, పట్నంలో ఏదో ఆఫీసులో గుమాస్తా. కుటుంబాన్ని ఊళ్లోనే ఉంచి ఒంటరిగా వచ్చారు. సాయంత్రం బస్సు దిగి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద చదరంగం బల్ల పరిచేవారు. ఎదురుగా మా తమ్ముడు కూర్చునేవాడు. నేను ఇద్దరికీ టీ ఇచ్చి కొట్టంలోకి పోయేదాన్ని. పాలు పిండే వేళ కూడా అదే.

సారు మంచి ఆటగాడు, అందులో నాకిప్పటికీ అనుమానం లేదు. అవతలివాడు ఏం చేయబోతున్నాడో వాడికంటే ముందే కనిపెట్టేవారు. కానీ లోపల స్టవ్ మీద పాలు పెట్టి వచ్చిన సంగతి మాత్రం ఆయనకు గుర్తుండేది కాదు. మాడు వాసన రాగానే మా అమ్మ పరుగెత్తి గిన్నె దించేది. "సారుకు జర మతిమరుపు" అని సరిపెట్టుకునేది. అంత బుర్ర ఉన్న మనిషి వారానికి రెండుసార్లు పాలెలా మాడబెడతాడని నాకు అనిపించేది. నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

"అన్నగారూ, చదరంగం ఆడేవాడి బుర్రే వేరండీ. మీవాడికి లెక్కలు మంచినీళ్లు తాగినంత సులువవుతాయి చూడండి" అనేవారు సారు, మా బాపుతో. బాపుకు చదరంగం రాదు. రాదు కాబట్టే ఆ మాట మీద గట్టి గురి కుదిరింది. తమ్ముడికి లెక్కల్లో ఎప్పుడూ బొటాబొటి మార్కులే వచ్చేవి. అయినా ఆ గురి సడలలేదు.

నాకంటే తమ్ముడు ఏడాదిన్నర చిన్న. కానీ ఇద్దరిదీ ఒకటే తరగతి. వాడికి బడికి పోయే వయసు వచ్చేదాకా నన్ను ఇంట్లో ఆపి, ఇద్దరినీ ఒకే రోజు చేర్పించారు. వాడి చెయ్యి పట్టుకుని తీసుకుపోవడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా! మా వైపు అక్కలకు అది మామూలే. అలా పదో తరగతి పరీక్షలూ కలిసే రాశాం. నాకు ఫస్ట్ క్లాసు వచ్చింది. వాడు థర్డ్ క్లాసుతో గట్టెక్కాడు.

ఇంటర్‌కు పట్నం పోవాలి. పొద్దున బస్సెక్కితే ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. ఇద్దరం పోతే బర్రెలకూ చేనికీ మనిషి ఉండదు. ఎవరో ఒక్కరే చదవాలని బాపు తేల్చేశాడు. ఆ ఒక్కరూ నేనేననుకుని మార్కులు గుర్తుచేశాను.

"బట్టీ కొడితే మార్కులు ఎవలకైనా వస్తయ్" అన్నాడు బాపు. "అసలు దిమాగ్ ఎవలకున్నదో సూడాలె. సారు ముంగట ఇద్దరు ఒక్క ఆట ఆడుండ్రి. గెలిసినోళ్లు కాలేజీకి, ఓడినోళ్లు ఇంట్ల."

"పిల్లకు ఆట సక్కగ రాదు గదా" అని అమ్మ నసిగింది.

"రోజు టీ ఇయ్యబోయి సూస్తనే ఉంటది గదా" అన్నాడు బాపు.

నిజమే, చూసేదాన్ని. గుర్రం ఎలా దూకుతుందో, ఒంటె ఎలా ఏటవాలుగా పోతుందో తెలుసు. ఆదివారం ఆడాం. తమ్ముడు ఒక బంటును ఊరికే వదిలేశాడు. నేను ఆశపడి మంత్రితో తిన్నాను. వాడు ఒంటెను జరిపాడు. నా మంత్రి వెనక్కి వచ్చే దారి మూసుకుపోయింది. ఇక ఆటలో మిగిలిందేమీ లేదు. సారు వాడి వీపు తట్టారు. బాపు నా వైపు చూడకుండా తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

తమ్ముడు చెడ్డవాడు కాదు. తర్వాత కొట్టంలోకి వచ్చి, "అక్కా, అది సారు నేర్పిందే. నేను గూడ మస్తుసార్లు పడ్డ దాంట్ల" అన్నాడు. బల్ల మళ్లీ పేర్చమన్నాను. ఈసారి ఆ బంటు జోలికి పోలేదు. ఓడిపోయాను గానీ చాలాసేపు నిలిచాను. వాడు రెండేళ్ల సాయంత్రాలు ఆ బల్ల ముందు గడిపాడు, నేను బర్రె పొదుగు దగ్గర గడిపాను. మా ఇద్దరి మధ్య తేడా అంతవరకే కనిపించింది నాకు.

నేరుగా బాపు దగ్గరికి వెళ్లాను. "నాకు రాని దాంట్ల నన్ను కూసోబెట్టినవ్ బాపూ. వానికి రాని దాంట్ల వాన్ని గూడ కూసోబెట్టు. రేపు పొద్దుగాల పాలు వాడు పిండాలె."

బాపు పకపకా నవ్వి, సరేనన్నాడు.

మా పెద్ద బర్రె కొత్త చేతిని ఒప్పుకోదు. దూడను వదిలినా పాలు విడవలేదు. తమ్ముడు కంగారుపడి గట్టిగా లాగేసరికి ఒక్క తన్ను తన్నింది. చెంబు ఒకవైపు పడింది, వాడొకవైపు పడ్డాడు. దెబ్బ తగల్లేదు గానీ లుంగీ నిండా పేడ. సారు నోట్లో బ్రష్షుతోనే "అది వేరండీ, ఇది వేరండీ" అంటూ ఏదో చెప్పబోయారు. అందరం నవ్వుతున్నాం, ఎవరూ వినిపించుకోలేదు.

ఈ కథను బాపు రోడ్డు మీది హోటల్లో చెప్పాడు, కల్లు దుకాణంలో చెప్పాడు, తొండుపల్లి చుట్టాలకు చెప్పాడు. "దిమాగంటే నా బిడ్డదే. ఒక్క మాటతోని మా అందరి నోర్లు మూయించింది" అని మురిసిపోయాడు. ఎదురుపడిన ప్రతివాళ్లూ నన్ను మెచ్చుకునేవారే. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. కాలేజీ ఖాయమనుకుని రెండు జతల బట్టలు ఉతికి, ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాను.

కాలేజీలో చేర్పించే రోజు బాపు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని బయలుదేరాడు. గడప దగ్గరే అడ్డం పోయాను.

"బాపూ, దిమాగ్ నాకే ఉన్నదంటివి గదా?"

"ఉన్నది బిడ్డా. వీనికన్న నీకే ఎక్కువున్నది" అన్నాడు బాపు. "గందుకే, సదువు లేకున్నా నువ్వు ఏడనన్న బతుకుతవ్. వీడు గట్ల గాదు. సదువు లేకుంటే ఆగమైతడు."

అందులో వెటకారమేమీ లేదు. ప్రేమగానే అన్నాడు, నా తల కూడా నిమిరాడు. ఆటలో ఓడినప్పుడు తెలివి లేదని ఆపారు. తెలివి ఉందని ఊరంతా ఒప్పుకున్నాక, ఉంది కాబట్టే ఆపుతున్నారు. అప్పటికే ఇద్దరూ వాకిలి దాటారు. వెనకాలే రోడ్డుదాకా వెళ్లాను.

"మరి మాతోని ఆట ఎందుకు ఆడిపిచ్చినవ్ బాపూ?"

బస్సు మలుపు తిరుగుతోంది. బాపు చెయ్యెత్తి ఆపుతూ, నా వైపు తిరగకుండానే జవాబిచ్చాడు.

"ఊకెనే బిడ్డా. మీరిద్దరు కొట్లాడుకోవద్దని."